కుమ్మరి కొడుకు రాజయ్యాడు, కుమ్మరివాడ ఏమైంది?

తెలుగు రాజకీయ వ్యాఖ్యానంలో వ్యూహకర్తలకు ఇచ్చే బిరుదులు రెండు. మెచ్చుకోవాలనుకుంటే ‘అపర చాణక్యుడు’ అంటాం. తప్పుపట్టాలనుకుంటే మాకియవెల్లీని గుర్తుచేసుకుంటాం. ఒకరు మనవాడు, మరొకరు పరాయివాడు అన్న తేడా తప్పిస్తే ఇద్దరూ చెప్పింది కుటిలనీతేనని చాలామంది నమ్మకం. విశ్వవిద్యాలయంలో పాశ్చాత్య రాజకీయ చింతన బోధించే నేను, ఏటా ఇదే నమ్మకంతో తరగతికి వచ్చే విద్యార్థులను చూస్తుంటాను. కొంతకాలంగా మరో ధోరణి కూడా గమనిస్తున్నాను. బహుజన రాజ్యాధికారం గురించి ఆవేశంగా ఆలోచించే యువతీయువకులు కొందరు ‘ప్రిన్స్’ను గెలుపు సూత్రాల పుస్తకంగా చదువుతున్నారు. మంచితనంతో మనవాళ్లు సాధించిందేమిటి, అధికారం కావాలంటే సింహంలా, నక్కలా ఉండక తప్పదు కదా అన్నది వారి వాదన.

వారి ఆరాటాన్ని నేను తప్పుపట్టను. శతాబ్దాల పాటు అధికారానికి ఆమడ దూరంలో నిలబెట్టిన వర్గాల పిల్లలు, అధికారం గురించి రాసిన పుస్తకాన్ని ఆబగా చదవడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ పుస్తకం నుంచి సూత్రాలను ఏరుకుని ఉదాహరణలను వదిలేస్తే నష్టపోయేది వారే. ‘ప్రిన్స్’ బలమంతా మాకియవెల్లీ సాక్షులుగా నిలబెట్టిన చారిత్రక పాలకుల్లో ఉంది. ఆ పాలకుల వరుసను ‘పుట్టుక’ అనే కోణం నుంచి చదివితే, రాజ్యాధికారం గురించి నినాదాలు చెప్పని సత్యం ఒకటి బయటపడుతుంది.

ముందుగా పుస్తకం పుట్టిన సందర్భం. ఫ్లోరెన్స్ గణరాజ్యంలో 14 ఏళ్లు కార్యదర్శిగా పనిచేసిన మాకియవెల్లీ, 1512లో మెదిచి కుటుంబం తిరిగి అధికారంలోకి రావడంతో కొలువు పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది కుట్రదారుడన్న అనుమానంతో జైల్లో పెట్టి చిత్రహింసలకు గురిచేశారు. బయటపడ్డాక పల్లెలో కూర్చుని 1513లో రాసిన చిన్న పుస్తకం ఇది. ఆయన మరణించిన అయిదేళ్లకు, 1532లో అచ్చయింది. దాన్ని మెదిచి వంశీయుడికే అంకితమిస్తూ, తనవంటి కింది స్థాయి మనిషి రాజుల పాలన గురించి మాట్లాడటాన్ని అహంకారంగా భావించవద్దని విన్నవించుకుంటాడు. అందుకు చిత్రకారుల పోలిక తెస్తాడు. కొండలను గీయాలంటే మైదానంలో నిలబడాలి, మైదానాన్ని గీయాలంటే కొండ ఎక్కాలి. అలాగే ప్రజల స్వభావం తెలియాలంటే రాజు కావాలి, రాజుల స్వభావం తెలియాలంటే ప్రజల్లో ఒకడై ఉండాలి అంటాడు. మాకియవెల్లీది నిరుపేద కుటుంబమేమీ కాదు. ఊళ్లో పేరున్నదే, ఆస్తి మాత్రం అంతంత. అయినా అధికారాన్ని కింది నుంచి చూసేవాడికే అది సరిగా కనిపిస్తుందన్న మాట ఒక రాజుకు రాసిన అంకితంలో ఉండటం చిన్న విషయం కాదు. ఊరి చివరి వాడ నుంచి ఊరిని చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక పాలకుల సంగతి. అందరికీ గుర్తుండిపోయేది చేజరే బోర్జియా. పోప్ ఆరవ అలెగ్జాండర్ కొడుకు. తండ్రి పలుకుబడితో రాజ్యం సంపాదించాడు, 1503లో తండ్రి చనిపోగానే పతనమయ్యాడు. అతని తెలివిని ఎంతగానో మెచ్చుకున్న మాకియవెల్లీ, అతని రాజ్యం తండ్రి అదృష్టంతో వచ్చి, ఆ అదృష్టంతోనే పోయిందని దాచకుండా రాశాడు. వారసులను పుట్టుకతోనే నాయకులుగా భావించే మన పార్టీలకు ఇంతకన్నా ఉపయోగపడే అధ్యాయం మరొకటి లేదు. కానీ మన ప్రశ్నకు దగ్గరగా వచ్చేది బోర్జియా కాదు. తర్వాతి అధ్యాయంలో కనిపించే అగాథోక్లీస్.

అగాథోక్లీస్ సిసిలీ ద్వీపంలో ఒక కుమ్మరి కొడుకు. సైన్యంలో చేరి మెట్టుమెట్టుగా సేనానిగా ఎదిగాడు. క్రీ.పూ. 317లో సిరక్యూస్ నగర పెద్దలను, ప్రజలను రాజ్య వ్యవహారాలు చర్చించాలంటూ సమావేశపరిచాడు. సైగ చేయగానే సైనికులు సభాసదులను, ధనవంతులను ఊచకోత కోశారు. ఆ తర్వాత కార్తేజ్ మహాశక్తిని ఎదిరించి, ఆఫ్రికా గడ్డ మీదికే యుద్ధాన్ని తీసుకెళ్లి, చివరిదాకా పాలకుడిగానే బతికాడు. మాకియవెల్లీ ఇతని సాహసాన్ని ఒప్పుకుంటాడు. కానీ తోటి పౌరులను చంపడం, మిత్రులను మోసం చేయడం శౌర్యం అనిపించుకోదని, దానితో అధికారం వస్తుందే కాని కీర్తి రాదని తేల్చేస్తాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. అగాథోక్లీస్‌ను మహనీయుల సరసన నిలబెట్టడానికి మాకియవెల్లీ నిరాకరించింది అతని క్రూరత్వం వల్లనే. కుమ్మరి ఇంట పుట్టాడన్నది అతని దృష్టిలో లోపం కాదు. ఎంత కింది నుంచి ఎంత పైకి వచ్చాడో చెప్పే కొలత మాత్రమే.

అతని శత్రువులు మాత్రం అలా చూడలేదు. ప్రాచీన చరిత్రకారుడు డియొడోరస్ ఒక సంఘటన చెబుతాడు. అగాథోక్లీస్ ఒక నగరాన్ని ముట్టడించినప్పుడు, గోడల మీద నిలబడినవారు అతన్ని కుమ్మరీ అంటూ ఎగతాళి చేశారట. సైనికులకు జీతాలు ఎప్పుడిస్తావని అరిచారట. ఈ నగరాన్ని పట్టుకున్నాక ఇస్తానని అతను బదులిచ్చాడట. రాజ్యమేలేవాడిని కూడా తండ్రి వృత్తి పేరుతోనే దూషించడం మనకు కొత్త కాదు. ఎన్నికల్లో గెలిచి, మంత్రులై, ఉన్నతాధికారులైనా చాటుగా కులం పేరుతోనే ప్రస్తావనకు వచ్చేవారు మన మధ్య ఎందరో ఉన్నారు.

డియొడోరస్ చెప్పి, మాకియవెల్లీ వదిలేసిన అంశం మరొకటి ఉంది. అధికారానికి వచ్చేటప్పుడు అగాథోక్లీస్ పేదలకు అప్పులు రద్దు చేస్తానని, భూములు పంచుతానని సభలో వాగ్దానం చేశాడు. ‘ప్రిన్స్’లో ఈ మాట లేదు. అందులో సైగ ఉంది, సైనికులున్నారు, శవాలున్నాయి. భూమి లేదు, అప్పు లేదు. అధికారాన్ని ఎలా పట్టుకోవాలన్న ప్రశ్నతో రాసిన పుస్తకానికి, అధికారం ఎవరికోసం అన్న ప్రశ్న అవసరం లేకపోయింది. మన విద్యార్థులు ఈ పుస్తకాన్ని గెలుపు సూత్రంగా చదివినప్పుడు జారిపోయేది సరిగ్గా ఈ భాగమే. కుమ్మరి కొడుకు రాజయ్యాడు సరే, కుమ్మరివాడ ఏమైంది?

ఈ ప్రశ్న తెలుగు నేలకు పరాయిది కాదు. మన కుమ్మరులు తమను శాలివాహనులమని చెప్పుకుంటారు. కుమ్మరి ఇంట పెరిగి, మట్టితో చేసిన సైనికులకు ప్రాణం పోసి, ప్రతిష్ఠానపురాన్ని ఏలిన శాలివాహనుడి కథ వారి ఆత్మగౌరవానికి ఆసరా. కానీ ఆ కథల్లోనూ శాలివాహనుడిని కుమ్మరికే పుట్టనివ్వలేదు. తల్లి బ్రాహ్మణ కన్య అని, తండ్రి నాగరాజని చెప్పారు. రాజు పేరు కులానికి మిగిలింది, కులం బీసీ జాబితాలో మిగిలింది.

‘ప్రిన్స్’లో పుట్టుక గురించి ఇంతకన్నా పదునైన పాఠం 19వ అధ్యాయంలో ఉంది. అక్కడ మాకియవెల్లీ మార్కస్ అరీలియస్ నుంచి మాక్సిమినస్ దాకా రోమన్ చక్రవర్తులను వరుసగా పరీక్షిస్తాడు. మార్కస్, పెర్టినాక్స్ ఇద్దరూ మితవాదులు, న్యాయప్రియులు. మార్కస్ గౌరవంగా జీవించి గౌరవంగా మరణించాడు. పెర్టినాక్స్‌ను మాత్రం క్రీ.శ. 193లో, పాలన మూడు నెలలైనా నిండకుండానే, సైనికులు చంపేశారు. తేడా ఎక్కడ? మార్కస్‌కు సింహాసనం వారసత్వంగా వచ్చింది కాబట్టి సైనికులకు గాని, ప్రజలకు గాని అతను రుణపడి లేడంటాడు మాకియవెల్లీ. అతని సద్గుణాలు ఆ భద్రత మీద వెలిగాయి. పెర్టినాక్స్‌కు ఆ భద్రత లేదు. మాకియవెల్లీ చెప్పకపోయినా చరిత్ర చెబుతున్నది ఏమిటంటే, పెర్టినాక్స్ తండ్రి దాస్యం నుంచి విముక్తి పొందిన మనిషి. ఇక మాక్సిమినస్ మహా యోధుడు. కానీ థ్రేస్‌లో గొర్రెలు కాచినవాడని అందరికీ తెలుసు. అతని క్రూరత్వం తెచ్చిన ద్వేషానికి ఈ చిన్నచూపు తోడైందని, అతని పతనానికి అదీ ఒక కారణమని మాకియవెల్లీ రాస్తాడు. 238లో సొంత సైనికులే అతన్ని చంపారు.

ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే గుణం, వేర్వేరు నేపథ్యాల నుంచి వచ్చిన ఇద్దరికి ఒకే ఫలితం ఇవ్వలేదు. మంచితనం కూడా వెనుక ఆసరా ఉన్నవాడికే కలిసివచ్చింది. ‘మెరిట్’ గురించి మన దేశంలో సాగే చర్చ మొత్తానికి ఇది జవాబు. ప్రతిభకు పుట్టుకతో పని లేదని వాదించేవారు మార్కస్‌ను చూపిస్తారు. పెర్టినాక్స్‌కు ఏమైందో అడగరు. తప్పు చేసినా నిలబడగలిగే కుటుంబం, కులం, బంధుబలగం ఉన్న విద్యార్థి ప్రతిభ వేరు. ఒక్క పరీక్ష తప్పితే ఇంటికి తిరిగిపోవాల్సిన మొదటి తరం విద్యార్థి ప్రతిభ వేరు. రెంటినీ ఒకే తక్కెడలో తూచడాన్ని అయిదు వందల ఏళ్ల కిందటి ఫ్లోరెన్స్ కార్యదర్శి కూడా అంగీకరించడు.

పుట్టుక విషయంలో మాకియవెల్లీ చేసిన మరో పని ఇంకా ఆసక్తికరం. 1520లో ఆయన లూకా నగర పాలకుడు కాస్ట్రుచ్చో జీవితకథ రాశాడు. వాస్తవంలో కాస్ట్రుచ్చో ఒక ఉన్నత కుటుంబంలో పుట్టాడు. మాకియవెల్లీ మాత్రం అతన్ని ద్రాక్షతోటలో ఎవరో వదిలేసి వెళ్లిన పసికందుగా చిత్రించాడు. గొప్పపనులు చేసినవారిలో చాలామంది అనామకంగా పుట్టినవారేనన్న తన వాదనకు అనుగుణంగా, కులీనుడి పుట్టుకను కిందికి దించి రాశాడు.

మన దగ్గర జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కాకతీయులను చతుర్థ కులజులుగా చెప్పిన శాసనాలు ఉన్నాయి. అదే వంశంలోని గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి శాసనం వంశవృక్షాన్ని సూర్యుడి దాకా తీసుకెళ్లింది. విష్ణుపాదం నుంచి పుట్టామని సగర్వంగా చెప్పుకున్న రెడ్డిరాజుల వంటివారూ ఉన్నారు. కానీ చరిత్రలో ఎక్కువగా పునరావృతమైంది సూర్యచంద్రుల వద్దకు పాకే వంశవృక్షమే. 1674లో రాయగఢ్‌లో పట్టాభిషేకం జరగడానికి శివాజీ అంతటివాడికి కూడా కాశీ నుంచి వచ్చిన గాగాభట్టు క్షత్రియత్వాన్ని నిర్ధారించాల్సి వచ్చింది. యజ్ఞోపవీతం వేసుకోవాల్సి వచ్చింది. కత్తితో గెలిచిన రాజ్యానికి కలంతో అనుమతి కావాల్సి వచ్చింది. అనుమతి ఇచ్చే అధికారం మాత్రం చేతులు మారలేదు.

అపర చాణక్యులను పొగిడేవారు కౌటిల్యుడి అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణం ఒకసారి తెరవాలి. బలహీనుడైన కులీనుడు మేలా, బలవంతుడైన అకులీనుడు మేలా అన్న ప్రశ్న అక్కడ వస్తుంది. పూర్వాచార్యులు బలవంతుడి వైపు మొగ్గితే, కౌటిల్యుడు వారిని కాదని కులీనుడినే ఎంచుకుంటాడు. ప్రజలు కులీనుడికి తమంతట తామే లొంగుతారన్నది ఆయన వాదన. పుట్టుక మీద జనానికి ఉన్న చిన్నచూపును మాకియవెల్లీ కూడా రాజకీయ వాస్తవంగా నమోదు చేశాడు. కౌటిల్యుడు దాన్ని రాజును ఎంచుకునే ప్రమాణంగా మార్చాడు. ఇద్దరినీ ఒకే గాటన కట్టేవారు ఈ తేడా దగ్గర ఆగి ఆలోచించాలి.

అయితే మాకియవెల్లీని సమతావాదిగా చిత్రించే ఉద్దేశం నాకు లేదు. ఆయన పరిమితి ఆయన రాసిన ఫ్లోరెన్స్ చరిత్రలోనే కనిపిస్తుంది. 1378లో ఫ్లోరెన్స్ ఉన్ని కార్మికులు తిరుగుబాటు చేశారు. వారిని చోంపీలు అంటారు. వృత్తి సంఘాల్లో సభ్యత్వం ఉన్నవారికే పాలనలో చోటున్న నగరంలో, సంఘం పెట్టుకునే హక్కే లేనివారు వీరు. కొత్త సంఘాలు సాధించుకున్నారు. చెప్పుల్లేని కాళ్లతో వచ్చిన ఉన్ని కార్మికుడు మికేలే ది లాండో నగర ప్రభుత్వాధిపతి అయ్యాడు. కానీ కొద్ది వారాలకే, ఇంకా హక్కులు కావాలన్న తోటి కార్మికులను ఆ మికేలేయే అణచివేశాడు. చోంపీల సంఘం రద్దయింది. 1382లో మిగిలిన కొత్త సంఘాలూ రద్దయ్యాయి, మికేలే కూడా ప్రవాసానికి పోవాల్సి వచ్చింది. మాకియవెల్లీ మికేలేను నగరాన్ని కాపాడిన వివేకిగా మెచ్చుకున్నాడు. కార్మికుల వైపు నుంచి చూస్తే అది మరో కథ. తమ మనిషి కుర్చీలో కూర్చున్నాడు, తమ సంఘం పోయింది. సంఘం పోయాక మనిషి కూడా కుర్చీలో మిగల్లేదు.

ఈ చిక్కుముడికి జవాబు కూడా మాకియవెల్లీలోనే ఉంది, కానీ ‘ప్రిన్స్’లో కాదు. రోమ్ చరిత్ర మీద రాసిన ‘డిస్కోర్సెస్’లో ఆయన ఒక సాహసమైన మాట అంటాడు. రోమ్‌ను స్వేచ్ఛగా నిలిపింది ప్రభువర్గానికీ సామాన్యులకూ మధ్య జరిగిన ఘర్షణే. పెద్దలు పెత్తనం చేయాలనుకుంటారు, సామాన్యులు పెత్తనానికి లోబడకూడదనుకుంటారు. కాబట్టి స్వేచ్ఛకు కాపలాగా సామాన్యులనే పెట్టడం మేలు. రోమ్ సామాన్యులు నగరం విడిచి కొండ మీదికి వెళ్లి, తమ వర్గం నుంచే ఎన్నికయ్యే ట్రిబ్యూన్ పదవిని సాధించుకున్నారు. ట్రిబ్యూన్ మీద చేయి వేయడం మహాపరాధం. ఒక రాజు దయ మీద, ఒక వీరుడి ప్రతిభ మీద ఆధారపడని రక్షణ అది. మనిషి మారినా పదవి ఉంటుంది, పదవి వెనుక వర్గం ఉంటుంది. మన రాజ్యాంగంలోని రిజర్వుడు స్థానాలను ‘దయ’గా భావించేవారు ఈ భాగం చదివితే, సమాజంలోని ఘర్షణను సంస్థగా మలచడం ఎంత పాత రాజనీతో తెలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సిరక్యూస్ కుమ్మరి, ఫ్లోరెన్స్ ఉన్ని కార్మికుడు మన కులవ్యవస్థలో బతకలేదు. వారి పేదరికానికి, అవమానానికి శాస్త్రాల ముద్ర లేదు. తరతరాలుగా ముట్టుకోకూడదన్న నియమం లేదు. అగాథోక్లీస్‌కు సైన్యం తలుపు తెరిచే ఉంది. మన దగ్గర మెట్లన్నీ కులానికొకటిగా కట్టారు. ప్రతి మెట్టు మీదివాడికీ కింద ఇంకొకడున్నాడన్న తృప్తి ఇచ్చారు. అందుకే ఒక వ్యక్తి పైకి వచ్చినంత మాత్రాన మెట్లు కూలవు.

డాక్టర్ అంబేడ్కర్ కూడా పాలకులను ఉదాహరణలుగా వాడుకున్నారు. 1936 నాటి ‘కులనిర్మూలన’లో చంద్రగుప్తుడిని, శివాజీని ప్రస్తావించారు. కానీ వారు అధికారాన్ని ఎలా పట్టుకున్నారని అడగలేదు. వారికి ముందు ఏం జరిగిందని అడిగారు. చంద్రగుప్తుడికి ముందు బుద్ధుడి సామాజిక విప్లవం ఉందని, శివాజీకి ముందు మహారాష్ట్ర సంతుల సంస్కరణ ఉందని చూపారు. మాకియవెల్లీ ఉదాహరణ పాలకుడి వద్ద మొదలవుతుంది. అంబేడ్కర్ ఉదాహరణ పాలకుడి వద్ద ముగుస్తుంది. బహుజన విద్యార్థులు నేర్చుకోవలసిన పఠన పద్ధతి ఇదే.

మన సొంత చరిత్రలో ఒక్క ఉదాహరణ చాలు. 1960లో దామోదరం సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. 1962 వరకు, రెండేళ్లకు పైగా పాలించారు. ఆయన నిజాయితీని ఇప్పటికీ అన్ని పార్టీలూ స్మరిస్తాయి, జయంతులు జరుపుతాయి. ఆరు దశాబ్దాలు దాటినా రెండు తెలుగు రాష్ట్రాల్లో మరో దళితుడు ఆ కుర్చీలో కూర్చోలేదు. ఒక సంజీవయ్య రావడానికి వ్యక్తి ప్రతిభ సరిపోయింది. రెండో సంజీవయ్య రావడానికి వర్గం బలం, పార్టీల నిర్మాణంలో మార్పు, భూమి, చదువు కావాలి. అవి లేవు కాబట్టి ఆయన పటం గోడకెక్కింది, కుర్చీ మాత్రం ఎప్పటివారి దగ్గరే ఉంది.

కాబట్టి నా విద్యార్థులకు నేను ‘ప్రిన్స్’ చదవద్దని చెప్పను. తప్పక చదవమంటాను. ప్రతి పాలకుడి పేరు దగ్గర ఆగి రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. ఇతని పుట్టుక గురించి అతని కాలం ఏమనుకుంది? ఇతను గద్దె దిగాక అతని వాడలో ఏం మిగిలింది? మొదటి ప్రశ్న అధికారం ఎవరికి సులువో చెబుతుంది. రెండో ప్రశ్న అధికారం దేనికో చెబుతుంది. నక్క తెలివి, సింహబలం ఆధిపత్య కులాల దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆ విద్యలో వారిని మించడం కష్టం. వారి దగ్గర లేనిది, మన దగ్గర ఉండగలిగింది రెండో ప్రశ్న ఒక్కటే. రాజ్యాధికారం అన్న నినాదంలో ఆ ప్రశ్నకు చోటు లేకపోతే మనకు మరో అగాథోక్లీస్ రావచ్చు, మరో మికేలే రావచ్చు. కుమ్మరివాడలో సారె మాత్రం అదే చోట తిరుగుతూ ఉంటుంది.